మీటింగ్ గదికి పెద్ద టీవీ: 18 అడుగుల గది, 80 వేల లోపు, డ్రాయింగులు చదవగలగాలి

కృష్ణలంక_సైట్ | సోమవారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో చిన్న సివిల్ కాంట్రాక్టు ఆఫీసు, మొత్తం ఇరవై రెండు మందిమి. మీటింగ్ గదిలో ఇన్నేళ్లూ ప్రొజెక్టర్‌తో నెట్టుకొచ్చాం. ఇప్పుడు దాని బొమ్మ పసుపు తిరిగిపోయింది. మాకు పడమటి కిటికీలు, మధ్యాహ్నం రెండు దాటితే కర్టెన్లు వేసి లైట్లు ఆర్పితే తప్ప తెర కనబడదు, ఆర్పితే చేతిలో ఉన్న కాగితం కనబడదు. సార్ టీవీ చూడమన్నారు. ఎనభై వేలు దాటొద్దన్నారు, బిగింపు ఖర్చు, కేబుళ్లు కలిపి తొంభై అడిగితే ఒప్పుకుంటారనుకుంటున్నాను.

గది 18 అడుగుల పొడవు, 12 వెడల్పు. టేబుల్ 10 అడుగులది, గది మధ్యలో ఉంది. పది మంది కూర్చుంటారు. తెర చిన్న గోడ వైపు, తలుపు దానికి ఎదురు గోడకి. మేము సినిమాలు చూడం, క్రికెట్ చూడం. మా పనంతా ఆటోక్యాడ్ ప్లాన్లు, బార్ బెండింగ్ షెడ్యూళ్లు (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎలా వంచాలో రాసే పట్టికలు), ఆర్‌ఏ బిల్లుల (పని జరిగేకొద్దీ పెట్టే బిల్లులు) ఎక్సెల్ షీట్లు, వారానికి రెండుసార్లు వీడియో కాల్. మా స్ట్రక్చరల్ కన్సల్టెంట్‌గారు అరవై దాటినవారు, ఆయన ఎప్పుడూ చివరి కుర్చీలోనే కూర్చుంటారు. ప్రొజెక్టర్ మీద 12 ఎంఎం కడ్డీనా 16 ఎంఎం కడ్డీనా అన్నది కనబడక ప్రతిసారీ లేచి తెర దాకా నడిచి వస్తున్నారు. ఆయన్ని అలా లేపడం నాకు బాధగా ఉంటోంది.

షాపులో 65 అంగుళాలు బోలెడు చాలన్నారు. నిజమేనా? ఏ బ్రాండ్ తీసుకోవాలి?

కేబుల్_పని | సోమవారం ఉదయం 10:47

అన్నా, నేను హైదరాబాద్‌లో ఆఫీసులకి స్క్రీన్లు, మైకులు బిగించే పని చేస్తాను. బ్రాండ్ సంగతి తర్వాత, ముందు టేపు తీసుకుని టీవీ పెట్టే గోడ నుంచి ఆ పెద్దాయన కుర్చీ దాకా కొలవండి. మీరు చెప్పిన లెక్క ప్రకారం 15 అడుగులు వస్తుంది.

మా పనిలో పాత లెక్క ఒకటుంది. స్క్రీన్ ఎత్తు (అడ్డం కొలత కాదు, మూల నుంచి మూలకి కాదు, నిలువు ఎత్తు) ఎంతో దానికి ఆరు రెట్ల దూరం దాకా మామూలు ప్రెజెంటేషన్ చదవొచ్చు. సన్న గీతలు, డ్రాయింగులు, చిన్న అంకెలు అయితే నాలుగు రెట్ల దూరం దాకానే. ఊరికే వీడియో చూడటానికి ఎనిమిది రెట్లు. 65 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 81 సెంటీమీటర్లు, అంటే 2.65 అడుగులు. ఆరు రెట్లు 16 అడుగులు, నాలుగు రెట్లు పదిన్నర. 75 అయితే ఎత్తు 93 సెంటీమీటర్లు, ఆరు రెట్లు 18 అడుగులు దాటుతుంది, నాలుగు రెట్లు 12 పైచిలుకు. 55 గురించి ఆలోచించకండి.

అంటే 65 మీ గదిలో పవర్‌పాయింట్‌కి సరిపోతుంది, మీ డ్రాయింగుకి చాలదు. షాపువాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లు ఇంట్లో సోఫాలో కూర్చునే లెక్క చెప్పారు.

బెంగళూరు_తెలుగబ్బాయి | సోమవారం ఉదయం 11:20

నేను ఒక కంపెనీలో ఐటీ చూస్తాను, మా దగ్గర పద్నాలుగు మీటింగ్ గదులు. సైజు గురించి పైన చెప్పినది కరెక్ట్. కానీ ఆటోక్యాడ్ అన్నారు కాబట్టి ఇంకో పెద్ద విషయం ఉంది, దీన్ని షాపులో ఎవరూ చెప్పరు.

చాలా టీవీలు లాప్‌టాప్ నుంచి వచ్చే బొమ్మని ఉన్నదున్నట్టు చూపించవు. వెలుతురు వివరం ప్రతి చుక్కకీ విడిగా తీసుకుంటాయి, రంగు వివరం మాత్రం నాలుగేసి చుక్కలకి కలిపి ఒకటే తీసుకుంటాయి. దీన్ని 4:2:0 అంటారు. సినిమాలో ఈ తేడా ఎవరికీ తెలియదు. కానీ నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర గీత ఉంటే, అక్కడ ఉన్నదంతా రంగే, వెలుతురు తక్కువ. అప్పుడు ఆ గీత చెమ్మగోడ మీద కుంకుమ బొట్టు పాకినట్టు అంచులు కారిపోయి కనిపిస్తుంది. మీ డ్రాయింగుల్లో ఎర్ర లేయర్ ఉండే ఉంటుంది కదా? రంగు వివరం కూడా ప్రతి చుక్కకీ విడిగా తీసుకునేదాన్ని 4:4:4 అంటారు, అది చూపించగల టీవీ కావాలి మీకు. డబ్బా మీద ఈ మాట ఉండదు. లాప్‌టాప్ పట్టుకెళ్లి చూడటం ఒక్కటే దారి.

నా సలహా అయితే కమర్షియల్ డిస్‌ప్లే (ఇళ్లకి కాకుండా ఆఫీసులు, షాపుల కోసం చేసే స్క్రీన్) 65 తీసుకోండి. రోజుకి 16 గంటలు నడిచేలా చేస్తారు, వెలుగు ఎక్కువ, వారంటీ ఆఫీసుకే ఇస్తారు.

కేబుల్_పని | సోమవారం ఉదయం 11:41

బ్రో, 4:4:4 మాట వెయ్యి శాతం నిజం. కమర్షియల్ మాట దగ్గర ఒప్పుకోను. వాళ్లు రోజుకి రెండు మూడు గంటలు వాడతారు. 16 గంటల ప్యానెల్‌కి డబ్బు పోసి సైజు తగ్గించుకుంటే చివరి కుర్చీలో ఉన్న ఆయనకి ఏం లాభం? అదే డబ్బుకి 75 మామూలు టీవీ వస్తుంది. రిసెప్షన్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా నడిచే స్క్రీన్ అయితే నేనే కమర్షియల్ తీసుకోమంటాను.

ఆడిటర్_అరండల్‌పేట | సోమవారం మధ్యాహ్నం 1:05

నేను గుంటూరులో ప్రాక్టీస్ చేస్తున్న సీఏని. డబ్బు లెక్క గురించి రెండు మాటలు.

32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత రేట్ల లిస్టు చూపించి ఎవరైనా ధర చెబితే గట్టిగా అడగండి. మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టర్లు, వాడేది ఆఫీసు పనికే, కాబట్టి ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చు. ఉదాహరణకి బిల్లు 82,600 అయితే అందులో 12,600 పన్ను. మీకు అసలు పడే ఖర్చు 70 వేలు. మీ సార్ ఎనభై అన్నది పన్నుతో కలిపా, విడిగానా అన్నది అడగండి. చాలా ఆఫీసుల్లో ఈ ప్రశ్న వేయక చిన్న టీవీతో సరిపెట్టుకుంటారు.

అయితే బిల్లు కంపెనీ పేరు మీద, మీ జీఎస్టీ నంబరుతో ఉండాలి. ఆన్‌లైన్‌లో అయితే ఆర్డర్ పెట్టేముందే నంబరు ఇవ్వాలి, తర్వాత మార్చమని తిరగడం తలనొప్పి. మా క్లయింటు ఒకరు మేనేజర్ సొంత కార్డుతో, సొంత పేరుతో కొనేశారు, ఆ క్రెడిట్ పోయినట్టే. ఇంకోటి, క్రెడిట్ తీసుకున్నాక ఆ పన్ను భాగాన్ని ఆస్తి విలువలో కలిపి తరుగుదల చూపించకూడదు, రెండూ కుదరవు.

వారంటీ కార్డు కూడా చదవండి. ఇంటి వాడకానికి మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చాలా వాటిలో. మా ఆఫీసులోనే జరిగింది, టీవీ ఏడో నెలలో ఆగిపోతే వచ్చిన టెక్నీషియన్ బయట ఉన్న బోర్డు ఫోటో తీసుకుని, ఇది కమర్షియల్ వాడకం, వారంటీ వర్తించదని రాసి వెళ్లిపోయాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లని వినియోగదారు కింద చూడరు, సొంత జీవనోపాధికి కొన్నవాళ్లకి మినహాయింపు ఉంది. అందుకని కొనేముందే, ఆఫీసులో పెడతాం, వారంటీ ఇస్తారా అని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

కృష్ణలంక_సైట్ | సోమవారం సాయంత్రం 6:30

చాలా థ్యాంక్స్ అండి అందరికీ. మేడమ్, మీరు చెప్పినట్టు అడిగాను. పన్ను కాకుండా ఎనభై అనుకోమన్నారు సార్. ఆ ఒక్క ప్రశ్నతో పని జరిగింది.

ఎర్ర లేయర్ ఉంది బెంగళూరు గారూ, మా డ్రాయింగుల్లో స్టీలంతా ఎరుపులోనే గీస్తారు. ఇన్నాళ్లూ ఆ గీతలు అలుక్కుపోవడం ప్రొజెక్టర్ లోపమనుకున్నాను.

75 తీసుకున్నా 15 అడుగుల దగ్గర నాలుగు రెట్ల లెక్కలోకి రావట్లేదు కదా. 85 మా బడ్జెట్‌లో లేదు. పొడుగు గోడకి పెడితే దూరం తగ్గుతుంది, అలా చేయొచ్చా?

కేబుల్_పని | సోమవారం రాత్రి 9:15

పొడుగు గోడకి పెడితే దూరం తగ్గుతుంది నిజమే, కానీ సగం మంది వీపు స్క్రీన్ వైపు ఉంటుంది, మిగతావాళ్లు కోణంలో చూడాలి. వద్దు.

టేబుల్‌ని జరపండి! గది మధ్యలో ఉందన్నారు, అంటే రెండు వైపులా నాలుగేసి అడుగులు ఖాళీ. టీవీ వైపు చివర ఎవరూ కూర్చోరు కదా, అక్కడ నాలుగు అడుగులు ఎందుకు? రెండున్నర అడుగులు ముందుకి తోస్తే చివరి కుర్చీ పన్నెండున్నరకి వస్తుంది. 75 అంగుళాలకి నాలుగు రెట్లు దాదాపు అక్కడే. పైసా ఖర్చు లేదు, తలుపు దగ్గర జాగా కూడా పెరుగుతుంది. కాకపోతే స్క్రీన్‌కి ఆనుకుని ఉన్న మొదటి రెండు కుర్చీలు తీసేయాలి, అంత దగ్గర, అంత పక్క నుంచి ఎవరూ చూడలేరు.

పక్క నుంచి చూడటం అంటే గుర్తొచ్చింది. ప్యానెళ్లలో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు. వీఏలో నలుపు బాగా నల్లగా ఉంటుంది, ఇంట్లో చీకట్లో సినిమాకి బాగుంటుంది, కానీ పక్కకి జరిగితే రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్‌లో నలుపు కాస్త బూడిదగా ఉన్నా పక్క కుర్చీల్లోంచి ఒకేలా కనిపిస్తుంది. మీటింగ్ గదికి ఐపీఎస్ నయం. షాపువాళ్లకి ఇది తెలియకపోతే తెల్ల ఎక్సెల్ షీటు తెరిపించి పక్కకి నాలుగు అడుగులు నడవండి, తెలిసిపోతుంది.

పాఠాల_మాస్టారు | మంగళవారం ఉదయం 7:50

కాకినాడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాను. నాడు-నేడు కింద మన ప్రభుత్వ బడుల్లో పెట్టిన టచ్ ప్యానెళ్లు చూశారా? అలాంటిది తీసుకుంటే డ్రాయింగు మీదే వేలితో గీసి, ఈ కడ్డీ ఇక్కడికి జరపండి అని చెప్పొచ్చు. మా డ్రాయింగ్ క్లాసులో అది వచ్చాక పిల్లలు లేచి వచ్చి సెక్షన్ గీత గీస్తున్నారు, అంతకుముందు బల్లల్లోంచి కదిలేవారు కాదు. మీ కన్సల్టెంటుగారు ఎలాగూ లేచి వస్తారంటున్నారు, ఆయన చేతికే పెన్ను ఇచ్చినట్టుంటుంది.

బెంగళూరు_తెలుగబ్బాయి | మంగళవారం ఉదయం 9:30

మాస్టారూ, క్లాసుకి అది సరైనదే. కానీ ఆ డబ్బులకి వాళ్లకి 65 టచ్ మాత్రమే వస్తుంది, 75 అయితే బడ్జెట్ దాటిపోతుంది. గీసేది ఒక్కరు, చదవాల్సింది ఎనిమిది మంది. వాళ్ల అసలు బాధ చివరి కుర్చీ. గీయాలంటే లాప్‌టాప్‌కి ఒక చిన్న పెన్ ట్యాబ్లెట్ తగిలిస్తే సరిపోతుంది, కుర్చీలోంచి లేవకుండానే ఆయన గీయొచ్చు.

పాఠాల_మాస్టారు | మంగళవారం ఉదయం 9:58

అది నాకు తట్టలేదు నాయనా. లేవకుండా గీయడమే ఆయన వయసుకి మంచిది. ఒప్పుకుంటున్నాను.

వరంగల్_రిపేరు | మంగళవారం మధ్యాహ్నం 12:40

టీవీలు బాగుచేస్తాను, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. చవక టీవీ చెడ్డదని నేను అనను. నా దగ్గరికొచ్చే పెద్ద టీవీల్లో ఎక్కువ వెనక వెలుగిచ్చే ఎల్‌ఈడీ పట్టీలు కాలినవి, లేదా పవర్ బోర్డు పోయినవి. పట్టీలు కాలడానికి కారణం షాపులో పెట్టిన డెమో మోడ్‌ని అలాగే వదిలేయడం, వెలుగు నూటికి నూరు మీద నడుస్తుంటుంది. బిగించిన రోజే హోమ్ మోడ్‌కి మార్చి, బ్యాక్‌లైట్ 60, 70 దగ్గర పెట్టండి. మీ పడమటి కిటికీకి ఎండ తగిలే రెండు గంటలు పెంచుకోండి, మళ్లీ తగ్గించండి. దానికంటే ఆ కిటికీకి రోలర్ బ్లైండ్ వేయించడం మేలు, ఎండ నేరుగా స్క్రీన్ మీద పడితే ఏ చవక టీవీ వెలుగూ చాలదు.

కరెంటు: ఆఫీసు యూపీఎస్ లైన్ ఉంటే దాని మీద వేయండి. ఉరుములొచ్చినప్పుడు ప్లగ్గు తీసేయడం ఎంత ముఖ్యమో, లాన్ కేబుల్ తీయడం కూడా అంతే ముఖ్యం. పిడుగు దెబ్బ నెట్ వైరులోంచి వచ్చి బోర్డు పోయినవి చాలా చూశాను.

ప్యానెల్ పగిలితే మాత్రం బాగుచేయడం ఉండదు, కొత్త టీవీ ధర దగ్గరికి వెళ్లిపోతుంది, వారంటీలో రాదు. డెలివరీ వాళ్ల ముందే పెట్టె తెరిచి, వీడియో తీస్తూ, ఆన్ చేసి చూసి అప్పుడే సంతకం పెట్టండి.

బ్రాండ్ అడిగారు కాబట్టి చెబుతున్నా. మీ ఊళ్లో సర్వీస్ మనిషి ఉన్న బ్రాండ్ తీసుకోండి. చాలామంది చైనా బ్రాండ్ అని భయపడతారు కానీ షావోమీ టీవీలు 2018లోనే మన తిరుపతిలో డిక్సన్ ఫ్యాక్టరీలో మొదలయ్యాయి, టీసీఎల్ వాళ్ల ప్యానెల్ ఫ్యాక్టరీ కూడా తిరుపతిలోనే ఉంది. స్పేర్ పార్టు ఎన్ని రోజుల్లో వస్తుందన్నదే అసలు ప్రశ్న. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, 75 అంగుళాల బ్యాక్‌లైట్ పట్టీ కావాలంటే ఎన్నాళ్లు పడుతుందని అడగండి. ఠక్కున జవాబు చెప్పారంటే ఆ సెంటర్ పని చేస్తోందన్నమాట.

సాగరతీరం | మంగళవారం సాయంత్రం 4:22

వైజాగ్‌లో ఒక లాజిస్టిక్స్ ఆఫీసులో అడ్మిన్ చూస్తాను. పోయినేడు మేమూ 75 తెప్పించాం. కృష్ణలంక గారూ, మీ ఆఫీసు ఏ అంతస్తు? లిఫ్ట్ కొలిచారా? మా పెట్టె ఆరు అడుగులు దాటిన పొడవు, ఆరుగురు పట్టే లిఫ్ట్‌లో ఎటు తిప్పినా పట్టలేదు. నిలువుగా లేపి పెడదామన్నారు డెలివరీ కుర్రాళ్లు, నేనే వద్దన్నాను, పెట్టె మీద బాణం గుర్తు ఎటు ఉంటే అటే ఉండాలి. నలుగురు నాలుగు అంతస్తులు మెట్లెక్కి మోశారు. మెట్ల మలుపు దగ్గర రెయిలింగ్‌కి పెట్టె మూల తగిలినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చింది. వాళ్లకి విడిగా డబ్బులిచ్చి, భోజనం పెట్టి పంపించాం. ముందే తెలిసుంటే ఇద్దరు మనుషుల్ని అదనంగా పిలిచేవాళ్లం.

గోడ సంగతి ఇంకో మాట. మాది జిప్సం పార్టిషన్. ఫ్రీగా బిగించడానికి వచ్చిన అబ్బాయి ప్లగ్గులు కొట్టేసి తగిలించబోయాడు. ముప్పై కిలోల టీవీ జిప్సం బోర్డు మీద నిలబడదు. ఆపించి, బోర్డు కోసి, లోపల ఫ్రేముకి 18 ఎంఎం ప్లై బిగించి, దాని మీద స్టాండ్ వేయించాను. రెండు రోజులు పట్టింది.

ఇంకొకటి, ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. టీవీ మొదటిసారి ఆన్ చేసినప్పుడు గూగుల్ అకౌంట్ అడిగితే మా ఆఫీసు అమ్మాయి ఒకామె తన ఫోన్ అకౌంట్ వేసింది. నెల తర్వాత క్లయింట్ల ముందు టీవీ ఆన్ చేస్తే, ఆమె ఇంట్లోవాళ్ల జబ్బు గురించి రాత్రిళ్లు వెతుక్కున్న వీడియోలన్నీ హోమ్ స్క్రీన్ మీద వరసగా వచ్చాయి. ఆమె లేచి బయటకి వెళ్లిపోయింది. దయచేసి ఎవరి సొంత అకౌంటూ వేయకండి. సెటప్‌లో బేసిక్ టీవీ అని ఒక దారి ఉంటుంది, అకౌంట్ లేకుండా మామూలు టీవీలా నడుస్తుంది. ఆఫీసుకి అది చాలు.

కృష్ణలంక_సైట్ | మంగళవారం రాత్రి 8:05

మేడమ్, ఆ చివరి మాట రాసినందుకు ప్రత్యేకంగా థ్యాంక్స్. మాది రెండో అంతస్తు, లిఫ్ట్ చిన్నదే, మెట్లు వెడల్పుగా ఉన్నాయి, కొలిచాను. గోడ ఇటుకదే, ఆ భయం లేదు. బుధవారం లాప్‌టాప్ తీసుకుని షాపుకి వెళ్తున్నాను.

ఫ్రిస్కో_నుంచి | మంగళవారం రాత్రి 10:50

టెక్సస్‌లో ఉంటాను. మా టీమ్ సగం హైదరాబాద్ ఆఫీసులో కూర్చుంటుంది, వారానికి నాలుగు కాల్స్, కాబట్టి నేను ఎప్పుడూ మీ గదికి అవతలి వైపు మనిషిని. ఒక్కటే చెబుతాను. గదిలో ఉన్నవాళ్లు బొమ్మ గురించి ఆలోచిస్తారు, అవతల ఉన్నవాళ్లకి కావాల్సింది మాట. అక్కడ పెద్ద టీవీ పెట్టారు, దాని స్పీకర్లలోంచి మా మాట వస్తుంది, టేబుల్ మీద లాప్‌టాప్ మైక్ దాన్ని మళ్లీ పట్టుకుని మాకే పంపుతుంది. టీవీ శబ్దాన్ని ప్రాసెస్ చేసి కాస్త ఆలస్యంగా వదులుతుంది, అందువల్ల కాల్ సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగా తుడిచేయలేకపోతుంది. నా మాట నాకే వెనక్కి వస్తుంటే వాక్యం మధ్యలో ఆగిపోతాను. ఆర్నెల్లు అలా గడిచాయి.

చివరికి టేబుల్ మధ్యలో ఒక యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్ పెట్టారు, మైకూ స్పీకరూ ఒకే డబ్బాలో ఉంటాయి. ఆ రోజు మొదటిసారి గది చివర కూర్చునే టెస్టింగ్ లీడ్ గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. టీవీలో నాలుగైదు వేలు మిగిలితే దానికి పెట్టండి. టీవీ సౌండ్ పూర్తిగా మ్యూట్ చేయండి.

బెంగళూరు_తెలుగబ్బాయి | బుధవారం ఉదయం 8:40

కృష్ణలంక గారూ, షాపుకి వెళ్లేముందు ఇవి చూసుకోండి. మీ లాప్‌టాప్ పాతదైతే దాని హెచ్‌డీఎంఐ పోర్టు (టీవీ కేబుల్ తగిలించే చోటు) 4కె బొమ్మని, అంటే ఈ పెద్ద టీవీల పూర్తి చుక్కల బొమ్మని, సెకనుకి 30 సార్లే పంపగలదు, 60 కాదు. మౌస్ కదిపితే జెల్లీలో కదిలినట్టు వెనకబడి వస్తుంది, డ్రాయింగు పక్కకి లాగితే కళ్లు నొప్పి. అప్పుడు తప్పు టీవీది అనుకోకండి. లాప్‌టాప్‌లో డిస్‌ప్లే ఇచ్చే టైప్-సి పోర్టు ఉంటే 4కె 60 ఇచ్చే కన్వర్టర్ తీసుకెళ్లండి, చవక కన్వర్టర్లు మళ్లీ 30 దగ్గరే ఆగిపోతాయి, డబ్బా మీద చూసి కొనండి.

టీవీలో రెండు సెట్టింగులు మార్చాలి. ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి ఎన్‌హాన్స్‌డ్ అనో, యూహెచ్‌డీ కలర్ అనో ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేయాలి. ఇన్‌పుట్ పేరు పీసీ అని మార్చాలి, లేదా పిక్చర్ మోడ్‌లో పీసీ, గేమ్ ఏది ఉంటే అది. ఇవి మార్చకుండా ఎర్ర గీత బాగాలేదని టీవీని తిరస్కరించకండి. మార్చాక కూడా బాగాలేకపోతే ఆ టీవీ మీకు పనికిరాదు. కింద టాస్క్‌బార్ సగం తెగిపోయినట్టుంటే ఓవర్‌స్కాన్ ఆపేయండి, స్క్రీన్ ఫిట్ లాంటి పేరుతో ఉంటుంది. కొన్ని చవక టీవీల్లో మూడు పోర్టులున్నా ఒక్కటే పూర్తి వేగంది, మూడింటిలోనూ పెట్టి చూడండి.

కృష్ణలంక_సైట్ | బుధవారం రాత్రి 9:40

ఇప్పుడే వచ్చాను, మూడు షాపులు తిరిగాను. వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదటి షాపులో లాప్‌టాప్ పెట్టనివ్వలేదు, పాలసీ కాదన్నారు. బయటికి వచ్చేశాను. రెండో షాపులో మేనేజర్ మంచాయన, సరే పెట్టుకోండన్నాడు. మూడు 75 టీవీల మీద అదే డ్రాయింగు, ఒక కాలమ్ స్టీలు డీటెయిల్, తెరిచాను. నేల మీద టేపు పరిచి పన్నెండున్నర అడుగుల దగ్గర చాక్‌పీస్‌తో గీత గీశాను, ఆ మేనేజరే టేపు రెండో కొస పట్టుకున్నాడు.

మొదటి టీవీలో తెల్ల అక్షరాలు బాగున్నాయి, ఎర్ర గీతలు సెట్టింగులు మార్చినా పాకిపోయే ఉన్నాయి. కడ్డీల మధ్య దూరం 150 అని రాసిన చోట 5, 0 అతుక్కుపోయాయి. రెండోది గీతలు స్పష్టం, కానీ పక్కకి నడిస్తే తెల్ల షీటు బూడిద రంగుకి తిరిగింది. మూడోది, మూడింటిలో షోరూం వీడియో ఆడేటప్పుడు అందరికంటే మామూలుగా కనిపించినది, నలుపు అంత నల్లగా లేదు, కానీ పీసీ మోడ్ వేయగానే ఎర్ర గీత కత్తితో కోసినట్టు నిలబడింది. పక్క నుంచి కూడా చదవగలిగాను. గీత దగ్గర నిలబడి 16 ఎంఎం అని అరిచాను, మేనేజర్ నవ్వాడు.

ధర 86,500 చెప్పాడు, పన్నుతో కలిపి. బేరం చేసి 82,600కి తెచ్చాను, ఆడిటర్ మేడమ్ వేసిన లెక్కే వచ్చింది చూడండి. ఆఫీసులో పెడుతున్నామని, వారంటీ ఇవ్వాలని కంపెనీకి మెయిల్ పెట్టాను. జవాబు వచ్చాకే డబ్బు కడతానన్నాను.

కేబుల్_పని | బుధవారం రాత్రి 10:10

మంచి పని చేశారన్నా. కేబుల్ గురించి ఒక్క మాట. గోడలో పైపు వేయిస్తే 25 ఎంఎం పైపు వేయొద్దు, హెచ్‌డీఎంఐ తలకాయ వంపుల్లో ఇరుక్కుంటుంది. 40 వేయించండి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయండి, రేపు కేబుల్ పోతే కొత్తది లాగడానికి. మీ దూరానికి 5 మీటర్ల మామూలు కేబుల్ చాలు, 18 జీబీపీఎస్ (కేబుల్ మోయగల డేటా వేగం) అని సర్టిఫై చేసినది తీసుకోండి. పది మీటర్లయితే ఫైబర్ కేబుల్ కావాలి, దానికి టీవీ వైపు, లాప్‌టాప్ వైపు అని తేడా ఉంటుంది, తిరగేసి వేస్తే పనిచేయదు. స్క్రీన్ కింది అంచు నేల నుంచి మూడు అడుగులు, మూడున్నర లోపు. మనవాళ్లు దేవుడి పటంలా పైకి కట్టేస్తారు, మెడలు పట్టేస్తాయి.

కృష్ణలంక_సైట్ | తర్వాతి వారం, గురువారం సాయంత్రం 7:15

మెయిల్ జవాబు వచ్చింది, వారంటీ ఏడాది ఇస్తామని రాసిచ్చారు. టీవీ సోమవారం వచ్చింది, ఐదుగురం మోశాం, వీడియో తీస్తూ తెరిచాం. టేబుల్ జరిపాం, ముందు రెండు కుర్చీలు తీసేశాం. కిటికీకి బ్లైండ్ వేయించాం. కింది అంచు మూడు అడుగుల రెండు అంగుళాలు. బ్యాక్‌లైట్ 65. బేసిక్ టీవీ. స్పీకర్‌ఫోన్ వచ్చే నెల.

ఇవాళ మొదటి మీటింగ్. మధ్యాహ్నం మూడింటికి, లైట్లు వేసే ఉంచాం. ఫుటింగ్ డ్రాయింగు తెరిచాను. కన్సల్టెంట్‌గారు చివరి కుర్చీలో కూర్చుని కళ్లజోడు పైకి తోసుకుని ఒక నిమిషం చూశారు. "ఆ మూల కాలమ్‌కి రింగులు 200 దూరంలో ఇచ్చారేంటయ్యా, 150 కదా ఇవ్వాల్సింది" అన్నారు. కూర్చునే అన్నారు. మా డ్రాఫ్ట్స్‌మన్ అక్కడికక్కడే దిద్దాడు.

ఒక్క సందేహం మిగిలింది. ఒక సైట్ ఇంజినీర్ లాప్‌టాప్ పెడితే మాత్రం అక్షరాల అంచుల్లో సన్నగా రంగు కనిపిస్తోంది, నా దాంట్లో లేదు. ఏమై ఉంటుంది?

బెంగళూరు_తెలుగబ్బాయి | గురువారం రాత్రి 8:02

ఆ లాప్‌టాప్‌లో క్లియర్‌టైప్ సర్దాలి, అక్షరాల అంచులు నున్నగా చూపించే విండోస్ సెట్టింగు అది. విండోస్ సెర్చ్‌లో క్లియర్‌టైప్ అని కొట్టి, టీవీ తగిలించి ఉన్నప్పుడే ఆ వరుస ప్రశ్నలన్నీ పూర్తి చేయించండి. కొన్ని టీవీ ప్యానెళ్లలో ఎరుపు, నీలం చుక్కల వరుస తిరగేసి ఉంటుంది, అందుకే ఆ అంచు రంగు. అప్పటికీ పోకపోతే క్లియర్‌టైప్ ఆపేసి చూడండి.

కృష్ణలంక_సైట్ | గురువారం రాత్రి 9:20

ఆపేస్తే పోయింది అండి. ఇప్పుడు రెండు లాప్‌టాప్‌లూ ఒకేలా ఉన్నాయి.